పెద్దమ్మ రాసిన అరవై అయిదు కార్డులు

పోయిన నెల రెండో మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, రాయగడలో మేముంటున్న ఇంటి ముందుగదిలో నేను కందిపప్పు ఏరుతూ కూర్చుని ఉండగా, బల్ల మీది ఫోను ఒక్కసారి టింగుమని ఊరుకుంది. ఏది జరిగినా ముందు గడియారం చూసి, ఆ తర్వాతే జరిగినదాని వైపు చూడడం నాకు చిన్ననాటి నుంచి ఉన్న అలవాటు. అందుకే నిమిషంతో సహా చెప్పగలుగుతున్నాను. ఆ ఫోను నాది కాదు, మా అక్క మనవరాలిది. నేను పెళ్ళీ పెటాకులూ లేని మనిషిని కనక చాలా ఏళ్ళుగా మా అక్క కూతురి ఇంట్లోనే ఉంటున్నాను. ఆమె కూతురే ఈ పిల్ల. ఈ పిల్ల భర్త ఉద్యోగం ఇదే జిల్లాలోని దొరగుడలో. కడుపుతో ఉన్న పిల్లకి ఇరవై ఒకటో వారంలో అది నిలవకుండా పోతే, ఆస్పత్రి నుంచి తిన్నగా తల్లి దగ్గరికి వచ్చేసి, పదిహేను రోజులుగా గోడ వైపు తిరిగి పడుకుంటోంది.

అందిద్దామని ఫోను తీశాను. తెర మీద తెలుగు అక్షరాలు. అమ్మా, బాగున్నావా, ఇరవై మూడో వారం వచ్చేసింది, నీ బుజ్జాయి ఇప్పుడు పెద్ద వంకాయంత ఉంది, నీ గొంతు వింటోంది, ఇవాళ తనతో ఏం మాట్లాడావు అని ఉంది. అన్నిటికంటే కింద, అడగనట్టుగా అడుగుతూ, ఏదో ఒంటికి రాసుకునే నూనె మాట.

నిజం చెప్పాలంటే ముందు నాకు దుఃఖం రాలేదు. పనితనం కనిపించింది. మొదట కుశలం, తర్వాత వంటింట్లోని వస్తువుతో ఒక కొలత, ఆ తర్వాత జవాబు చెప్పకుండా ఉండలేని ఒక్క ప్రశ్న, అమ్మవలసిన సరుకు ఆఖరి పంక్తిలో. ఆ పద్ధతి నాది. యాభై ఏళ్ళ క్రితం ఇదే ఊళ్ళో, పదిహేను పైసల కార్డు మీద, ఉక్కు పాళీతో నేను రాసినది ఎవరో ఎక్కడో దాచి, ఇన్నాళ్ళకి తిరిగి మా ఇంటికే పంపినట్టనిపించింది.

ఆ తర్వాతే భయం వేసింది. ఇది రాకుండా ఎలా ఆపాలో చెప్పమని పిల్లని అడిగాను. విశాఖపట్నంలో ఇంగ్లీషులో చదువుకున్న పిల్ల, మా ఇళ్ళ యాస నోట పట్టదు. అటువంటిది ఒక్క ఊపులో లేచి ఫోను లాక్కుని, "ఆపీకు, సిన్నమ్మమ్మా," అంది. ఆపెయ్యొద్దనే ఆ మాట ఆ గొంతుతో వినడం నా జన్మలో అది రెండోసారి.

మొదటిసారి సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నా ఈడు వాళ్ళెవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను.

బాలింత కాయం అంటే మన తరానికి వివరించక్కర్లేదు. శొంఠీ పిప్పళ్ళూ వామూ ఇంకా ఏవేవో దంచి, బెల్లం పాకంలో నేతితో ఉడికించి, పురుడు వచ్చిన మనిషికి నలభై రోజులు ఉసిరికాయంత ముద్ద పెట్టేవారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రాయగడలో స్థిరపడ్డ ఒక పెద్దమనిషి, తన తల్లి చేతి కాయాన్ని డబ్బాల్లో పెట్టి కోరాపుట్ జిల్లా అంతటా తెలుగిళ్ళకి పోస్టులో పంపే వ్యాపారం మొదలుపెట్టాడు. అప్పటికింకా రాయగడ వేరే జిల్లా కాలేదు. మా నాన్నగారు జయపురం సంస్థానం కచేరీలో రాతపని చేసిన మనిషి కావడంతో నాకూ దస్తూరి కుదిరింది. ఆ దస్తూరి చూసే నా ఇరవయ్యో ఏట ఆ యజమాని నన్ను పనిలో పెట్టుకున్నాడు. ఆయన ఇల్లే ఆఫీసు. వెనక పెరట్లో పొయ్యిలు, ముందు వసారాలో నా బల్ల, అరుగు మీద వాళ్ళమ్మ. వచ్చిన టపా ముందు ఆ ముసలావిడ చేతిలో పడేది. నాలుగక్షరాలు వచ్చినావిడ కనక అన్నీ చదివి, తర్వాత నా బల్ల మీద పెట్టేది.

మొదటి ఆరు నెలలూ నేను రాసిన కరపత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు. మహిళామణులారా అని మొదలుపెట్టి, సర్వరోగనివారిణి అని ముగించేదాన్ని. సంతలో అవి పకోడీల పొట్లాలయ్యేవి. ఒకరోజు కోరాపుట్ బస్సులో, ఘాట్ రోడ్డు మీద మంచు పట్టి బస్సు ఆగిపోతే, నా పక్కనున్న నిండు చూలాలిని ముక్కూమొహం తెలియని ఒక పెద్దావిడ ఎన్నో నెలమ్మీ, పులుపు మీదికి పోతన్నాదా మనసు, అని అడగడం, ఆ పిల్ల అరగంటలో తన అత్తింటి గుట్టంతా చెప్పేయడం విన్నాను. దిగేటప్పుడు ఆ పెద్దావిడ తన మూటలో ఉన్న ఉసిరి పచ్చడి సగం ఆ పిల్లకి అమ్మింది కూడా.

మర్నాటి నుంచి కరపత్రాలు మానేశాను. పెద్దమ్మ పుట్టింది. పోస్టుకార్డు మీద, చి.సౌ. అమ్మికి పెద్దమ్మ దీవించి వ్రాయునది అని మొదలు. ఆ తర్వాత మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు మన యాస. నాకు నేనే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. మొదటి మూడు కార్డుల్లో కాయం మాట ఎత్తకూడదు. ఒక కార్డుకి ఒకే ప్రశ్న. వాళ్ళు చెప్పిన ప్రతి సంగతీ పుస్తకంలో తేదీతో రాసుకుని, వచ్చే నెల ఆ సంగతే ముందు అడగాలి. ఆవు ఈనిందా, ఆడపడుచు వెళ్ళిందా, కాళ్ళ నీరు తగ్గిందా. అమ్మడం అంటే మాట్లాడడం కాదనీ, గుర్తుపెట్టుకోవడమనీ నాకు అప్పుడే తెలిసింది.

నాలుగోది పసుపు. శుభలేఖకి అద్దినట్టు ప్రతి కార్డుకీ నాలుగు మూలలా తడి పసుపు వేలితో అద్దేదాన్ని. పసుపు అంటిన కాగితాన్ని మన ఆడవాళ్ళు చించరు, పొయ్యిలో పెట్టరు. తీగకి గుచ్చి దాచుకుంటారు. నా కుడిచేతి చూపుడువేలు ఆ రోజుల్లో ఎంత కడిగినా పచ్చగానే ఉండేది.

అయిదోది ఇప్పుడు చెప్పడానికి కష్టంగా ఉంది. పురుడయ్యాక బిడ్డకి అయిదేళ్ళు నిండేదాకా నెలకొక కార్డు వెళ్ళేది, ఎందుకంటే మా దగ్గర నలుగుపిండీ, ఉగ్గూ, వసకొమ్మూ కూడా ఉండేవి. ప్రతి కార్డులోనూ ఈ నెలకి నీ బిడ్డ ఇన్ని జానలు, ఇన్ని వేళ్ళు ఉండాలి అని పొడుగు రాసేదాన్ని. ఇరుగుపొరుగు పిల్లల్ని కొలిచి పట్టిక కట్టుకున్నాను. కట్టుకుని, ప్రతి కొలతకీ రెండు వేళ్ళు కలిపాను. తన బిడ్డ రెండు వేళ్ళు తక్కువ ఉందనుకున్న తల్లి ఉగ్గు తెప్పించకుండా ఉండదు. ఇది ఎవరూ నేర్పలేదు, నాకే తోచింది, తోచినందుకు ఆ రోజు గర్వపడ్డాను కూడా.

నూట నలభై రెండు ఇళ్ళకి వెళ్ళేవి ఆ కార్డులు. అందులో గుణుపురం పక్క ఒక పల్లెలోని ఇల్లు ఒకటి. పొలం చేసుకునే కుటుంబం. అయిదో నెలలో ఉన్న కూతురి పేర మొదటి కార్డు వెళ్ళింది. ఆ పిల్ల ఒడియా బడిలో చదువుకుంది, తెలుగు రాయడం రాదు. కూతురు చెబుతుంటే తల్లి రాసేది, ఆ సంగతి మొదటి జవాబులోనే చెప్పారు. అయిదో నెల నుంచి ఎనిమిదో నెల దాకా నాలుగు జవాబులు వచ్చాయి. తొమ్మిదో నెల కార్డుకి రాలేదు. పురుటి హడావిడి అనుకుని, పట్టిక ప్రకారం మొదటి నెల కార్డు వేశాను. దానికీ రాలేదు. రెండో నెల కార్డుకి వచ్చింది: ఆడపిల్ల, చంటి అని పిలుస్తున్నాం, నువ్వు రాసినట్టే నవ్వుతున్నాది పెద్దమ్మా.

ఆ తర్వాత ఒక్క నెల తప్పలేదు. మూడో నెల మెడ నిలబెట్టింది. అయిదో నెల బోర్లా పడింది. నా పుస్తకంలో మిగతా పిల్లలందరి గళ్ళూ గజిబిజిగా ఉండేవి; ఒకడు పదినెలలకే నడిచేవాడు, ఇంకొకతె ఏడాదిన్నరకి కూడా పిరుదుల మీద దేకేది, జ్వరాలు, విరేచనాలు, తట్టు. గుణుపురం చంటి గడి మాత్రం అచ్చు వేసినట్టుండేది. నేను ఏ నెల ఏం రాస్తే ఆ నెల అదే చేసేది. ఒక్కసారి కూడా దగ్గు రాలేదు.

అక్కడే నాకు తెలిసి ఉండాలి. ఒక నెల, ఏడాది నిండిన పిల్లలకి ఆరు పళ్ళు అని రాయవలసిన చోట, ఏ ధ్యాసలో ఉన్నానో, పదహారు అని రాసి పదకొండు ఇళ్ళకి పంపేశాను. పది ఇళ్ళ నుంచి వేళాకోళాలు వచ్చాయి. మావోడు మనిషి పిల్లడే గానీ మొసలి పిల్లడు కాడు పెద్దమ్మా, అని టికిరి నుంచి ఒకావిడ రాసింది. గుణుపురం జవాబు ఒక్కటే వేరు. పదహారు పళ్ళూ వచ్చీసేయి, అని ఉంది. లెక్క తెలియని మనిషి కాబోలు అనుకుని పుస్తకంలో ఆరు అని దిద్దుకున్నాను. లెక్క తెలియనిది ఎవరికో తెలుసుకోవడానికి నాకు ఇంకో మూడేళ్ళు పట్టింది.

చంటికి నాలుగేళ్ళు నిండిన రెండు నెలలకి మా యజమాని, మన కాయం తిన్న తల్లి బిడ్డ ఫోటో వేసి ఒక పెద్ద కరపత్రం వేద్దాం, ఎవరు బాగుంటారని అడిగాడు. నేను ఆలోచించకుండా గుణుపురం చంటి అన్నాను. కోతలయిపోయి చేలు ఖాళీగా ఉన్న రోజులు. గుణుపురం బజారులో ఒక ఒడియా ఫోటోగ్రాఫర్ని మాట్లాడుకుని, గట్ల వెంబడి నడిచి, పదకొండు గంటల నలభై నిమిషాలకి ఆ ఇంటికి చేరాను.

తల్లి ఒక్కతే ఉంది. భర్త పోయిన మనిషి, యాభై లోపే ఉంటాయి. పెద్దమ్మ దగ్గర నుంచి వచ్చానంటే ముఖం విప్పారింది. "రా అమ్మీ, కూకో. సంటి ఇప్పుడే ఆటకెల్లింది, వచ్చీత్తాది," అంది. ఆ కాసేపట్లో గారెలు వేసింది, నాకొక కంచం పెట్టింది, పక్కన చిన్న కంచం కడిగి పెట్టింది. అమ్మాయేదని అడిగితే లోపలికి చూసి ఊరుకుంది. చంటిని గురించి మాత్రం నోరు ఊరుకోలేదు. "అమ్మమ్మా, సందమామకి అన్నం ఎవులెడతారు అని అడుగుతాదమ్మీ. ఏటని సెప్పాలి?" అని నవ్వింది.

నేను అటూ ఇటూ చూశాను. గోడకి తీగ, తీగకి గుచ్చి నా కార్డులు, నాలుగు మూలలా పసుపుతో. ఊరికే కూర్చోలేక లెక్కపెట్టాను, యాభై అయిదు, ఒక్కటీ తక్కువ లేదు. వాటి కింద గూట్లో మా కాయం డబ్బా, మూత తియ్యనిది. గడప పక్కన చిన్న చెప్పులు. వాటి అడుగున మట్టి లేదు. ద్వారబంధం మీద బొగ్గుతో గీతలు, నేల నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి. పై గీతకి జానలు వేసి చూశాను. ఆ నెల కార్డులో నేను రాసిన కొలతే, రెండు వేళ్ళతో సహా.

బయట ఫోటోగ్రాఫర్ ఎండ నడినెత్తికి వచ్చేసిందని విసుక్కుంటున్నాడు. "పిలా కాహిఁ, దిదీ?" అని పిల్లేదని రెండుసార్లు అడిగాడు. వీధిలో పిల్లల కేకలు వినిపిస్తూనే ఉన్నాయి, వినిపించినప్పుడల్లా ఆవిడ గుమ్మం వైపు చూసి, వచ్చీత్తాది, అనేది, నేనూ చూసేదాన్ని. ఎంత సేపు చూశానో చెప్పలేను, ఆ రోజు మొత్తంలో గడియారం చూడనిది ఆ కాసేపే. ఒంటి గంట అయిదు నిమిషాలకి ఫోటోగ్రాఫర్ నూతి దగ్గర మంచినీళ్ళు తాగి వచ్చి, నన్ను వసారాలోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. నూతి దగ్గర ఆడవాళ్ళు చెప్పారట. ఆ ఇంట్లో పిల్ల లేదు. నాలుగేళ్ళ క్రితం పురిట్లో తల్లీ బిడ్డా ఒకే రోజు పోయారు.

నేను లోపలికి వచ్చేసరికి ఆవిడ చిన్న కంచంలో గారె తుంచి పెడుతోంది. తల ఎత్తకుండానే, "ఆ అబ్బి సెప్పీసేడేటి?" అంది.

"సెప్పనీ. నానేటి దాసేనా? కబురు ఆయేళే రాసేను. అందరికంటే ముందు పెద్దమ్మకే రాసేను. నెల తిరక్కుండా మళ్ళీ పసుపు కార్డే వచ్చింది, మా అమ్మి పేరనే. బిడ్డ సుకంగా పాలు తాగుతున్నాదా అని. నాను రాసింది పెద్దమ్మ ఒప్పుకోనేదు. పెద్దది గదా, నాకంటే తెలిసిందేమో అనుకున్నాను."

నవ్వింది. "పిచ్చనుకుంటన్నావేటి? ఇద్దర్నీ ఈ సేతుల్తోనే సాగనంపేను. ఆళ్ళు నేరని నాకు తెల్దా?" అని, నా చెయ్యి పట్టుకుని పసుపు వేలు వెలుతురులోకి తిప్పి చూసింది. "నువ్వే గదా పెద్దమ్మవి. ఇంత సిన్నదానివా! ఆపీకమ్మీ. నువ్వు రాత్తే అది ఎదుగుతాది. ఆపీసినావంటే ఆ గుమ్మం కాడే నిలబడిపోద్ది."

ఆపనని మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా. మాట నిలబెట్టుకుని కూడా ఎంత చెరుపు చెయ్యవచ్చో తర్వాత తెలిసింది.

రాయగడ వచ్చి మా యజమాని తల్లిని అడిగాను. ముసలావిడకి గుర్తుంది. "సావు కబురు ఇంట్లో ఎట్టుకుంటారేటే? గుమ్మంలోనే సింపీసి తలమీద నీల్లోసుకున్నాను. ఊరూ పేరూ తెల్దు, మనకేటి అవుతాది?" అంది. తప్పు ఆవిడది అనను. మన ఇళ్ళలో ఎవరైనా అంతే చేస్తారు. శ్రీకారం లేని చావు కార్డుని అరుగు దాటనివ్వరు, పసుపు కార్డుని చింపరు. ఆ రెండు ఆచారాల మధ్య నా పుస్తకంలో ఒక్క గీత పడకుండా పోయింది, ఆ గీత పడని చోట ఒక పిల్ల నాలుగేళ్ళు పెరిగింది.

సంగతి యజమానికి చెప్పాను. మంచి మనిషే. కానీ కరపత్రం తేదీ దగ్గరికొచ్చింది. చివరికి, ఆవిడ రాసిన మాటలు ఆవిడవే కదా, ఫోటో ఏ పిల్లదైతేనేం, అన్నాడు. నేను కాదనవచ్చు. కాదంటే ఉద్యోగం తీసేసే మనిషి కాడు. ఎందుకు కాదనలేదో ఎన్నోసార్లు లెక్క చూసుకున్నాను. దారిలో బస్సులోనే నాకొక వాక్యం తట్టింది, దాన్ని వదులుకోలేకపోయాను, అంతే. మా చంటి దేనికీ ఆలస్యం కాలేదు, అని. ఆ వాక్యం పైన పెద్ద అక్షరాల్లో, కింద గుణుపురం జవాబుల్లోని మాటలు, మధ్యలో ఫోటో. పార్వతీపురం నుంచి పుట్టింటికి వచ్చి ఉన్న మా అక్క కూతురికి, ఇప్పుడు నేనుంటున్న ఇంటావిడకే, అప్పుడు సరిగ్గా నాలుగేళ్ళ అయిదు నెలలు. దానికి గౌను వేసి, కాటుక పెట్టి, మా యజమాని అరుగు మీద నిలబెట్టి తీయించాను.

నా జన్మలో అంత బాగా పనిచేసిన కాగితం మరొకటి రాయలేదు. ఆ నెల పొయ్యిలు ఆరలేదు. గుణుపురం యాభై మూడో నెల కార్డుకి కూడా ఎప్పటిలాగే జవాబు వచ్చింది.

తర్వాత మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకి, చేతిసంచీతో గుణుపురం ఆవిడ ఆ అరుగు ముందుకి వచ్చి నిలబడింది. మా అక్క కూతురు నా బల్ల పక్కన ఆడుకుంటోంది, మా అక్క లోపల ముసలావిడతో మాట్లాడుతోంది. "సంటీ, రామ్మా," అని పిలిచింది. కొత్తవాళ్ళని చూస్తే కొంగు చాటుకి దూరే పిల్ల, తన పేరు కాని పేరుకి లేచి, తిన్నగా ఆవిడ దగ్గరికి నడిచి వెళ్ళింది. మా అక్క లోపలినుంచి చూసి కదలలేకపోయింది, నేనూ అంతే.

ఆవిడ పిల్ల గడ్డం పట్టుకుని నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టింది. సంచీలోంచి గళ్ళ గౌను తీసి పైనుంచి తొడిగింది. ఆ తర్వాత ముడులు వేసిన దారం తీసి, ఒక కొస పిల్ల మడమ దగ్గర అదిమి, నిటారుగా పైకి లాగింది. ఆఖరి ముడి పిల్ల తల దాటి పైన గాలిలో ఆగింది. ఆ మధ్య ఖాళీలో ఆవిడ తన వేళ్ళు పెట్టి చూసుకుంది. రెండు వేళ్ళు. ఆ రెండు వేళ్ళూ ఎక్కడివో భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

"ఇది కాదు," అంది. నా వైపు చూడలేదు, ఆ దారం వైపే చూస్తూ చెప్పింది. "మా సంటి ఇంకా పొడుగు. ఇన్నాళ్ళూ దానికి మా అమ్మి ముకమే ఉండీదమ్మీ. ఆ కాయితం వచ్చినకాడినుంచీ కళ్ళు మూసుకుంటే ఈ పిల్లే వత్తన్నాది. ఎంత యెతికినా మా అమ్మి రావట్నేదు."

తిట్టలేదు, ఏడవలేదు. మంచినీళ్ళిస్తే తాగింది. గౌను పిల్ల ఒంటి మీదే వదిలేసి, దారం మడిచి బొడ్లో దోపుకుని, పది నలభైకి వెళ్ళిపోయింది. స్టేషన్ రోడ్డు మలుపు తిరిగేదాకా చూశాను. చెయ్యి పక్కకి చాచి నడుస్తోంది, ఎవరినో నడిపించుకు వెళుతున్నట్టు; మలుపు దగ్గర ఆ చెయ్యి దించేసింది.

మాటిచ్చాను కనక మిగిలిన ఏడు కార్డులూ రాశాను. ఏడూ తిరిగి వచ్చాయి, మనిషి లేదని పోస్టుమేను ఒడియాలో రాసిన గీతతో. ఎక్కడికి వెళ్ళిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇంటికి తాళం, ద్వారబంధం మీది గీతలు కడిగేసి ఉన్నాయట. మా అక్క కూతురు మాత్రం ఆ నెలంతా మా ఇంటి అరుగు మీద ఒక్కతే ఆడుకుంటూ, అన్నానికి పిలిస్తే రెండు కంచాలు పెట్టమనేది. ఎవరికే అంటే, నాకంటే పొడుగుది, అని తలమీద రెండు వేళ్ళు నిలబెట్టి చూపించేది. మా అక్క భయపడి పార్వతీపురం తీసుకెళ్ళిపోయింది. ఇప్పుడు అడిగితే అదేమీ గుర్తులేదంటుంది. నేను అరవయ్యో నెల కార్డు తిరిగొచ్చిన రోజున ఆ పని మానేసి, బళ్ళో పంతులమ్మగా చేరి, అక్కడే రిటైరయ్యాను. మరెప్పుడూ ఎవరికీ ఏదీ అమ్మలేదు.

ఇవన్నీ అక్క మనవరాలికి చెప్పలేదు. ఆ ఫోనుని ఆపమని కూడా మళ్ళీ అనలేదు. ప్రతి మంగళవారం పది గంటలకే వెళ్ళి ఆ మంచం మీద కూర్చుంటున్నాను. టింగుమనగానే ఇద్దరం కలిసి చదువుతాం. ఇరవై అయిదో వారం ఆ ఫోను ఒక బిడ్డ బొమ్మ పంపింది. గులాబీరంగు బుగ్గలు, నీలం కళ్ళు, ఎవరి బిడ్డో, ఎవరికీ బిడ్డ కాదో. పిల్ల కళ్ళు దాని మీద పడకముందే నా బొటనవేలు ఆ ముఖం మీద పెట్టేశాను. ఏంటి చిన్నమ్మమ్మా అడ్డం, అంది. అక్షరాలు చదువు, బొమ్మ అక్కర్లేదు, అన్నాను. ఏమనుకుందో, వేలు తియ్యమనలేదు. చదివాక, దానికి మా అమ్మ ముక్కు వచ్చి ఉండేది, అని తనే అంది. ఆస్పత్రి నుంచి వచ్చాక తనంతట తాను మాట్లాడిన మాట అదే. నిన్న ఇరవై ఆరో వారం. నిన్న కూడా బొమ్మ వచ్చింది, నిన్న కూడా వేలు పెట్టాను.

కాలం మారిందంటారు. నాకు ఆ రాతలో మారినదేమీ కనిపించలేదు. కుశలం, కొలత, ప్రశ్న, సరుకు, అన్నీ ఆ వరసలోనే ఉన్నాయి. మారినది ఒక్కటే. ఆ రోజుల్లో పెద్దమ్మ అబద్ధమైనా పెద్దమ్మకొక అరుగుండేది, సంచీ పట్టుకుని బస్సెక్కి వచ్చి, దారం తీసి, ఇది కాదు అని చెప్పడానికి. ఈ ఫోనులో ఉన్న పెద్దమ్మ ఏ వీధిలో ఉంటుందో, ఆవిడ వేలికి పసుపు ఉందో లేదో, కబురు రాస్తే ఏ గుమ్మంలో ఎవరు చింపుతారో, ఈ పిల్ల ఎవరిని అడగాలి?

లెక్క తేల్చేసి ముగిస్తాను. గుణుపురానికి రాసిన కార్డులు అరవై అయిదు. అందినవి యాభై ఎనిమిది, తిరిగి వచ్చినవి ఏడు. వచ్చిన జవాబులు యాభై ఆరు. నేను చదవకుండానే పోయిన కబురు ఒకటి. పోయిన ప్రాణాలు రెండు, అవి నా లెక్కలోవి కావు. పోయిన ముఖం ఒకటి, అది నా లెక్కలోదే.